తడి చెత్తకు నల్ల కవరా, ఆకుపచ్చ కవరా, పాత పేపరా?

కూరగాయలకు సంచి పట్టుకెళ్లడం చెన్నైలోని మా బంధువులందరికీ అలవాటైపోయింది. ఇప్పుడు వాళ్ల బెంగంతా చెత్తబుట్ట మీదే. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది. అంతకుముందు దుకాణంలో ఊరికే ఇచ్చిన కవరునే ఇంటికొచ్చాక బుట్టలో పరిచేవాళ్లం. అవి దొరకడం తగ్గాక, చెత్త వేయడానికని డబ్బు పెట్టి కవర్లు కొనడం మొదలైంది. ఇందులోని వింత సంగతి అలా ఉంచితే, అందరూ అడిగేది ఒకటే. నల్ల కవరు వాడాలా, మట్టిలో కలిసిపోతుందని రాసి ఉండే ఆకుపచ్చ కవరు వాడాలా, పాత పేపరు పరిస్తే చాలా, లేక ఏమీ పరచకుండా రోజూ బుట్ట కడుక్కోవాలా?

మేముండేది వేళచ్చేరిలో. ఇక్కడ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. దక్షిణ చెన్నై చెత్త దశాబ్దాలుగా చేరుతున్న పెరుంగుడి డంపింగ్ యార్డు మాకు దగ్గరే. అది ఉన్నది పళ్లికరణై చిత్తడి నేల మీదే. శీతకాలంలో రాజహంసలూ గూడబాతులూ దిగే ఈ చిత్తడి నేలకు 2022లో, ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో యార్డుకు నిప్పంటుకుని రోజుల తరబడి కాలింది. తడి చెత్త గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది, మంటకు అంతకంటే ఏం కావాలి? గాలి తగలనివ్వని ఏర్పాటు మన వంటింట్లోనే మొదలవుతోంది.

కవరు మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు అందరూ అది దేనితో తయారైందని చూస్తారు. నేను చూసేది దాని మూతికి వేసే ముడిని. ముడి పడిన తర్వాత ఆ కవరును విప్పేది ఎవరు? నా మటుకు ఈ లెక్క తేలితే మిగతావన్నీ తేలినట్టే.

మొదట విప్పవలసింది పొద్దున్నే బ్యాటరీ బండితో వచ్చే పారిశుధ్య కార్మికురాలు. బండిలో తడి చెత్తకూ పొడి చెత్తకూ వేర్వేరు డబ్బాలుంటాయి. బుట్టలో తొక్కలు మాత్రమే ఉంటే ఆమె ఒక్క చూపులో పోల్చుకుని బోర్లించేస్తుంది. ముడి వేసిన నల్ల కవరు ఇస్తే లోపల ఏముందో కనిపించదు. చింపితే చేతికి తగిలేది సాంబారు కావచ్చు, పగిలిన గాజుగ్లాసు కావచ్చు. వీధిలో ఇంకా అన్ని ఇళ్లు మిగిలి ఉండగా ప్రతి కవరూ చింపి చూడమనడం అన్యాయం. అందుకే ఎన్నో కవర్లు ముడి విప్పకుండానే సాగిపోతాయి. ఎరువు కావలసిన తొక్కలు ఎరువు కావు, వాటి పక్కన పడిన అట్టపెట్టె తడిసి పాత సామాన్లవాడికీ పనికిరాదు.

రెండో వంతు ఆవుది. ఆవు ముడి విప్పలేదు. లోపల అన్నం వాసన వస్తోంది, నోటికి చేతులు లేవు, కాబట్టి కవరుతో సహా మింగుతుంది. గబగబా మింగి తీరిగ్గా నెమరు వేసుకునే జంతువు కావడం వల్ల నోట్లో ఉండగా ఏరి పారేయడం దానికి చేతకాదు. కడుపులోని మొదటి పెద్ద గదిలో ప్లాస్టిక్ అరగదు, సులువుగా ముందుకూ కదలదు, పోగుపడి తాళ్లలా పెనవేసుకుంటుంది. 2019 అక్టోబరులో చెన్నై వేపేరి పశువైద్య కళాశాల వైద్యులు ఒక ఆవు కడుపు కోసి 52 కిలోల ప్లాస్టిక్ తీశారు. ఆవు కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లే యజమాని ఉన్నాడు. దుప్పికీ కృష్ణజింకకూ ఎవరున్నారు? అవి కూడా నెమరు వేసేవే, వాటి కడుపూ ఆ తీరుదే. గిండీ జాతీయ ఉద్యానం, దాన్ని ఆనుకుని ఉన్న ఐఐటీ ఆవరణ నగరం నడిబొడ్డున ఉన్నాయి. ఐఐటీలో చనిపోయిన జింకల కడుపుల్లో ప్లాస్టిక్ దొరికిందన్న వార్తలు చెన్నైలో ఉండేవాళ్లు చాలాసార్లు చదివే ఉంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చినప్పుడు, నాకు తెలిసినవాళ్లు చాలామంది ప్లాస్టిక్ కవర్లనే తిట్టారు. నిజానికి వేళ్లన్నీ చూపించింది పెద్ద మరపడవలు లాక్కెళ్లే ట్రాలర్ వలల వైపు. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి, వలలో చిక్కితే రాలేక మునిగిపోతుంది. కవరుకు దాని పాపం దానికి చాలినంత ఉంది, వలల పాపం కూడా దాని నెత్తిన రుద్దితే వలల సంగతి ఎవరూ అడగరు.

ఇక నల్ల కవరు. వాడిన ప్లాస్టిక్‌ను కరిగించి చేసే ఈ కవర్లలో రకరకాల రంగులు కలిసిపోతాయి కాబట్టి నలుపు వేసి కప్పుతారు. తడి చెత్త అంటిన పలుచటి కవరును ఏ పాత సామాన్ల దుకాణమూ కొనదు. పెరుంగుడిలో పాత చెత్తను తవ్వి జల్లెడ పడుతున్నప్పుడు మట్టి నుంచి విడిపోయి వచ్చేది ఎక్కువగా ఇలాంటి సరుకే, దాన్ని సిమెంటు కర్మాగారాలకు ఇంధనంగా పంపుతారు. దీనికున్న సుగుణమల్లా లోపలున్నది కనబడకుండా దాచడం. నాకు దానిలో నచ్చనిదీ అదే.

ఆకుపచ్చ కవరు మీద చాలామందికి ఆశ ఉంది. నిజాయితీగా తయారుచేసిన కవరైతే ఆ ఆశ పూర్తిగా తప్పు కాదు. మన దేశపు ప్రమాణం ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రకారం, సుమారు 58 డిగ్రీల వేడి నిలిచే కంపోస్టులో అది 12 వారాల్లో తునాతునకలు కావాలి, ఆరు నెలల్లోగా 90 శాతం సూక్ష్మజీవులకు ఆహారమైపోవాలి. చిక్కంతా ఆ వేడి దగ్గరే ఉంది. మన బాల్కనీ కుండలో అంత వేడి నిలవదు, వీధి పక్కన అంతకన్నా నిలవదు, ఆవు కడుపులో ఉండేది 39 డిగ్రీలే. కవరు మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేకుండా ఆకు బొమ్మ, 'బయోడిగ్రేడబుల్' అన్న మాట మాత్రమే ఉంటే దాన్ని మామూలు ప్లాస్టిక్‌గానే లెక్కించండి. కొన్ని రకాలు మట్టిలో కలవవు, కంటికి కనిపించనంత చిన్న ముక్కలవుతాయి, అంతే.

సరే, నంబరున్న అసలు కవరే కొన్నారనుకుందాం. దానికి కూడా ముడి వేస్తారు కదా! కంపోస్టు కేంద్రంలో పనిచేసేవాళ్లకు చేతిలోకి వచ్చినది అసలుదో నకిలీదో పట్టి చూస్తే తెలియదు. తెలియనప్పుడు చింపి, తొక్కలు కుప్పలో వేసి, కవరు అవతల పారేస్తారు. వాళ్ల చోట నేనున్నా అదే చేస్తాను. మామూలు కవరు కంటే ఎక్కువ ధర పెట్టి కొన్నది చివరికి మామూలు కవరు గతే పట్టింది. మీ అపార్టుమెంటులోనే కంపోస్టు యంత్రం ఉండి, దాన్ని నడిపే వ్యక్తి ఫలానా కవరు కరుగుతోందని చెబితే మాత్రం నిశ్చింతగా వాడండి.

పాత పేపరుకు ముడి వేయడం కుదరదు. నేను దాని వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం. బుట్ట బోర్లిస్తే తొక్కలతో పాటు పేపరూ కుప్పలో పడుతుంది, చింపి వేస్తే ఇంకా త్వరగా కుళ్లుతుంది. ఎండుటాకులు చేసే పనే కాస్త చేస్తుంది. తడిసి చిరుగుతుందన్నది దీని మీద ఫిర్యాదు. చిరిగేది తొక్కల వల్ల కాదు, మనం పోసే నీళ్ల వల్ల. మిగిలిన చారూ మజ్జిగా తిన్నగా బుట్టలో పోస్తే ఏ పేపరు ఆగుతుంది? మేము సింకులో ఒక చిల్లుల గిన్నె పెట్టుకున్నాం. డికాక్షన్ పిప్పి, టీ పొడి, పళ్లాల్లో మిగిలినవి మొదట అందులో పడతాయి. నీళ్లు ఓడిన తర్వాతే బుట్టలోకి వెళతాయి. పేపరు రెండు పెద్ద కాగితాలు, ఒకదానికి ఒకటి అడ్డంగా పరిచి, అంచులు బుట్ట బయటికి మడవాలి. అడుగున కాస్త కొబ్బరి పీచు వేస్తే మిగిలిన చెమ్మను పీల్చుకుంటుంది. చేపలు, రొయ్యలు తెచ్చిన రోజున తలలూ పొట్టూ పేపరులో చుట్టి, బండి వచ్చేదాకా ఫ్రీజరులో ఓ మూలన పెట్టేస్తాం. మా వదినకు ఇది బొత్తిగా మింగుడు పడలేదు. "చెత్తను ఫ్రిజ్‌లో పెట్టడమేమిటమ్మా?" అంది. నిన్న ఆ చేప ఉన్నది కూడా అందులోనే కదా వదినా అన్నాను.

ఏమీ పరచని ఉత్త బుట్ట, నిజం చెప్పాలంటే, అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. ఏ వస్తువూ ఖర్చు కాదు. నీళ్ల మాట వస్తే మాత్రం చెన్నైవాళ్లు ఉలిక్కిపడతారు, పడాలి కూడా. 2019 వేసవిలో జలాశయాలు ఎండి బిందెలు పట్టుకుని ట్యాంకర్ల కోసం నిలబడ్డ ఊరు ఇది. అయితే బుట్ట కడగడానికి కుళాయి తిప్పనవసరం లేదు. బియ్యం కడిగిన నీళ్లు, ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్లు చాలు. పల్లెల్లో బియ్యం కడుగు, తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకి పోయే రోజుల్లో తడి చెత్త అన్న మాటే లేదు. ఇప్పుడు కుడితి తాగే గేదె మనింట్లో లేదు కాబట్టి ఇన్ని లెక్కలు. రోజూ బుట్ట ఖాళీ చేసి కడిగే ఓపిక ఉన్న ఇంటికి ఉత్త బుట్ట, లేనివారికి పేపరు అన్నది నా సలహా. మా ఇంట్లో మామూలు రోజుల్లో పేపరే.

ఇంట్లోనే ఎరువు చేసుకునేవారికి ఈ ప్రశ్నే లేదు. పాత గుడ్డ సంచి పరచడం కొందరు చెబుతుంటారు, ఉతికేవాళ్లెవరో ముందు తేల్చుకోండి. కొరియర్ కవర్లు, బ్రెడ్డు కవర్లు పరిచినా నల్ల కవరుకు చెప్పిందే వర్తిస్తుంది. పాల ప్యాకెట్లను మాత్రం బుట్టకు వాడకండి. కడిగి ఆరబెడితే వాటిని కొనేవాళ్లున్నారు. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా తెగిపోకుండా ప్యాకెట్‌కే వేలాడేలా వదిలేయండి, తెగిపడితే సింకులోంచి కాలువలోకి పోతుంది.

ఒక్క చోట ముడి వేయాల్సిందే. వాడిన డైపర్లు, శానిటరీ ప్యాడ్లు గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనలే చెబుతున్నాయి. వీటిని విప్పే అవసరం ఎవరికీ రాకూడదు. ప్యాడ్లయితే పేపరులో చుట్టి పైన ఎర్ర గుర్తు పెడితే చాలు. డైపర్లు కారతాయి కాబట్టి కవరు తప్పదనిపిస్తే వాడండి. పగిలిన గాజు అట్టపెట్టెలో పెట్టి, గాజు అని నోటితో చెప్పి చేతికివ్వండి.

ఫోనులోనే వార్తలు చదివే ఇళ్లలో పేపరెక్కడిదని అడుగుతారు. మా వీధి చివర పాత పేపర్ల దుకాణంలో కిలోల లెక్కన కొనేవాడు అడిగితే అమ్ముతాడు కూడా. కిలో తెచ్చుకుంటే చాలా రోజులు వస్తుంది. ఎదురింట్లో ఇంకా పేపరు వేయించుకునే తాతగారెవరైనా ఉంటే ఆ ఖర్చూ ఉండదు.