ఐయోనా పద్ధతా, కాథలిక్ వర్కర్ పద్ధతా?

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోవడం కాకుండా ఇంకేదైనా చేద్దాం అనుకునేవాళ్ళు ఈ రెండు క్రైస్తవ బృందాల పద్ధతులూ చూడాలి.

ఐయోనా కమ్యూనిటీని 1938లో స్కాట్లాండ్‌లో జార్జ్ మెక్‌లౌడ్ అనే పాస్టర్ మొదలుపెట్టారు, ఐయోనా దీవిలో పాడుబడ్డ మఠం కట్టడాల్ని పనుల్లేని మేస్త్రీలు, పాస్టర్ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాళ్ళు కలిసి మళ్ళీ కట్టారు, అంటే రాళ్ళు మోయడం కూడా ఆరాధనలో భాగమే అన్నమాట. ఇప్పుడు మెంబర్లు ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు, ఉద్యోగాలు చేసుకుంటారు, కానీ రోజూ ప్రార్థన, న్యాయం కోసం శాంతి కోసం పని, పైగా టైమూ డబ్బూ ఎలా వాడారో ఒకళ్ళకొకళ్ళు లెక్క చెప్పుకోవాలి (ఇక్కడే చాలామంది మెల్లగా జారుకుంటారు లెండి).

కాథలిక్ వర్కర్ వేరే లెవెల్. 1933లో న్యూయార్క్‌లో డొరొతీ డే, పీటర్ మారిన్ ఒక్క సెంటుకే (డాలర్‌లో నూరో వంతు) అమ్మే న్యూస్‌పేపర్‌తో మొదలెట్టారు, తర్వాత ఆతిథ్య గృహాలు వచ్చాయి, ఇల్లు లేనివాళ్ళతో ఒకే కప్పు కింద ఉండటం, వాళ్ళతోనే భోజనం, పైన హెడ్డాఫీసంటూ ఏమీ లేదు. నిజాయితీ ఎక్కువ, అలసిపోవడమూ ఎక్కువే.

పిల్లలు, లోన్లు ఉన్నవాళ్ళకి నేనైతే ఐయోనా దారే చెప్తాను, కాకపోతే పేదవాళ్ళ మొహం చూడకుండా మీటింగులతోనే సరిపెట్టేసుకునే రిస్క్ అందులో ఉంది, వారానికో పూట భోజనం వడ్డించే చోటికి వెళ్తే అది కొంత తగ్గుతుంది.