తెనాలి పోస్టాఫీసు, మూడు అక్షరాలు: కెరీర్ కౌన్సెలింగ్ తీసుకున్న మూడేళ్ళకు

ఉద్యోగం పోయిన నెలలో తీసుకున్న కౌన్సెలింగ్ గురించి ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడే రాసి ఉంటే పొగడ్తలు తప్ప ఏమీ ఉండేవి కావు.

అక్కడ హాలండ్ టెస్టు రాయించారు. మనకు ఎలాంటి పనుల మీద ఆసక్తి ఉందో చూసే టెస్టు అది, ఆరు రకాల్లో ఎక్కువ మార్కులొచ్చిన మూడింటి అక్షరాలు చేతిలో పెడతారు. నాకు సి (కాగితాలు, లెక్కలు పద్ధతిగా చూసుకునే పనులు), ఎస్ (మనుషులకు సాయపడే పనులు), ఐ (విషయాన్ని శోధించి తెలుసుకునే పనులు). అంతకుముందు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి రాసినప్పుడూ ఇవే వచ్చాయి, కింద అకౌంటెంట్, బ్యాంకు క్లర్కు అని ఒక లిస్టు, అంతే. ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినదాన్ని, ఆ లిస్టు చూసి రాత్రంతా నిద్రపోలేదు.

ఈసారి కౌన్సెలర్ ఆవిడ రిపోర్టు మూసి పక్కన పెట్టారు. చిన్నప్పుడు అమ్మానాన్న కాకుండా ఎవరిలా ఉండాలనుకున్నారు, ఏ షోలు వదలకుండా చూస్తారు, ఇష్టమైన కథేంటి అని అడిగి, చివరికి "బాగా చిన్నప్పటివి మూడు సంఘటనలు చెప్పండమ్మా, ఒక్కోదానికి పేపర్లో వార్తకు పెట్టినట్టు హెడ్డింగ్ పెట్టండి, అందులో ఎవరో ఏదో చేస్తున్నట్టు ఉండాలి" అన్నారు. ఇది అమెరికాలో మార్క్ సావికాస్ తయారుచేసిన ఇంటర్వ్యూ పద్ధతి.

మొదట గుర్తొచ్చింది తెనాలి పోస్టాఫీసు. నాకు ఐదేళ్ళుంటాయి. రాయడం రానివాళ్ళు మనియార్డరు ఫారం పట్టుకుని నిలబడితే తాతయ్య బల్ల మీద ఒంగి నింపి, నింపింది మళ్ళీ పైకి చదివేవాడు. "తాతయ్య చదివి వినిపించాడు" అని పేరు పెట్టాను. రెండోది, అమ్మ పక్కింటి మామ్మకు కరెంటు బిల్లు విడమర్చి చెప్పడం. మూడోది చెప్తుంటే గొంతు పట్టేసింది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏ కాగితం ఎందుకో ఎవరూ చెప్పక అమ్మ కౌంటర్ దగ్గర అలా నిలబడిపోయింది. ఆవిడ అప్పుడు రిపోర్టు తెరిచి, సి పక్కనున్న ఎస్ మీద వేలు పెట్టి, "మీ కాగితాల అవతల ఎప్పుడూ ఒక మనిషి ఉన్నారు చూడండి" అన్నారు. అవే అక్షరాలు, ఈసారి నావి అనిపించాయి.

ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఉన్నాను. క్లెయిమ్ ఎందుకు ఆగిందో పేషెంటు తాలూకు వాళ్ళకు చెప్పడమే రోజంతా పని, ఇష్టంగా చేస్తున్నాను.

చాన్నాళ్ళు అందరితో టెస్టు దండగ, కథే అసలు అన్నాను. మొన్న ఉగాదికి అవే ప్రశ్నలు నాకు నేనే వేసుకుంటే వేరే జ్ఞాపకాలు వచ్చాయి, మేనత్త తోటలో ఒక్కదాన్నే మామిడిపిందెలు ఏరుకోవడం లాంటివి. ఇప్పటి అవసరానికి తగ్గవే పైకి వస్తాయని ఆవిడ అప్పుడే చెప్పారు, నేను పట్టించుకోలేదు. టెస్టు మళ్ళీ రాస్తే మాత్రం మొదటి రెండూ అవే సి, ఎస్. కథ ఒక్కటే నమ్ముకుంటే టీచర్ ఉద్యోగానికి వెళ్ళేదాన్నేమో. ఫైళ్ళు సర్దే ఓపిక నాకుందని చెప్పింది టెస్టే.

జీతం పాతదాంట్లో సగం కూడా లేదు. ఆ మాట కౌన్సెలింగ్‌లో ఒక్కసారీ రాలేదు, అది నాకు ఇప్పటికీ కోపమే. మా ఆయన జీతం, సొంతిల్లు ఉన్నాయి కాబట్టి నెట్టుకొచ్చాం. పైగా నా కథ తెలుగులో వినే మనిషి దొరికారు, ఇంగ్లీషులో అడిగి ఉంటే ఆ పోస్టాఫీసు దాకా వెళ్ళేదాన్ని కాదు. టెన్త్ అయిన కూతుర్ని ఎంపీసీనా బైపీసీనా తేల్చుకోవడానికి అక్కడికి తీసుకెళ్ళనా అని మా వదిన అడుగుతోంది. టెస్టు రాయించమన్నాను, కథల సంగతి మాత్రం ఆ పిల్లకు మాట్లాడాలనిపిస్తేనే అన్నాను.