జాగ్రత్త: కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ కొనే ముందు మీ డేటా ఎక్కడ చేరుతుందో చూసుకోండి

వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్‌తో కట్టిన వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ దుకాణం పెట్టుకునే సాఫ్ట్‌వేర్) దుకాణం నడుపుతూ, ప్రొడక్టులకు అదనపు ఫీల్డ్స్, అంటే మనకు కావాల్సిన వివరాలు నింపే పెట్టెలు, పెట్టుకోవడానికి డబ్బు కట్టి ప్లగిన్ (సైట్‌కి కొత్త సౌకర్యం చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్) కొనాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అలాగే కొన్నాను. ఆరు వారాల పని ఒక్క క్లిక్‌తో పోయింది. మీకు అలా జరగకూడదు.

మేము బేరింగులు అమ్ముతాం. బేరింగు కొనేవాళ్లు ఫొటో చూసి కొనరు, కొలతలు చూసి కొంటారు. 6204 నంబరు బేరింగు అంటే లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఈ మూడూ పేజీలో విడివిడిగా కనపడాలి, వాటితో వెతుక్కునే వీలుండాలి. ప్లగిన్ డెమోలో సరిగ్గా ఇదే చూపించారు. మూడు పెట్టెలు, పక్కనే ఫిల్టర్. వెంటనే కొనేశాను.

తమ్ముడూ నేనూ రాత్రిళ్లు కూర్చుని ఎనిమిది వందల పైచిలుకు బేరింగుల కొలతలు ఎక్కించాం. అంతా అయ్యాక ఆ ప్లగిన్ ఫిల్టర్‌లోనే లోపలి వ్యాసం 20 అని కొట్టి చూశాను. 6204 వచ్చింది. దాంతోపాటు 6210 కూడా వచ్చింది. దాని లోపలి వ్యాసం 50. 20 అనేది దాని మందం. ఆ కింద 6024 వచ్చింది, దాని లోపలి వ్యాసం 120. ఇలాంటి ఫిల్టర్‌ని నమ్మి ఎవరైనా ఆర్డర్ పెడితే మిషన్ దగ్గరికి వెళ్లాక గానీ తప్పు తెలియదు.

తెలిసిన డెవలపర్ చేత డేటాబేస్ తెరిపించి చూస్తే అసలు సంగతి బయటపడింది. వర్డ్‌ప్రెస్ ఇలాంటి అదనపు విలువల్ని పోస్ట్‌మెటా అనే టేబుల్‌లో పెడుతుంది. ఒక్కో వరుసలో ఒక ఫీల్డ్ పేరు, దాని విలువ ఉంటాయి. మూడు కొలతలుంటే మూడు వరుసలు ఉండాలి. ఈ ప్లగిన్ మాత్రం మూడింటినీ మూటగట్టి ఒకే వరుసలో పడేసింది. వెతకమంటే ఆ మూటలో ఎక్కడైనా 20 అనే అంకెలు కనిపిస్తే చాలు, పట్టుకొచ్చేస్తోంది. 120లోనూ 20 ఉంది కదా మరి.

సరే, డేటా బయటికి తీసి సరిచేసుకుందామని వూకామర్స్ ఎక్స్‌పోర్ట్ చేశాను. కస్టమ్ మెటా (ఇలా అదనంగా చేర్చిన విలువలు) కూడా కావాలా అని అడిగే చోట టిక్కు పెట్టాను. ఫైల్‌లో పేర్లు, ధరలు, స్టాక్ అన్నీ ఉన్నాయి, కొలతల కాలమ్ ఒక్కటే లేదు. మామూలు అక్షరాలు, అంకెలు అయితేనే ఆ ఎక్స్‌పోర్ట్ రాస్తుందట. ఇలా మూటగట్టిన విలువ తగిలితే దాటేసి వెళ్లిపోతుంది. ఎర్రర్ కూడా చూపించదు.

సపోర్ట్‌కి రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: పాత వెర్షన్ డిలీట్ చేసి కొత్తది పెట్టుకోండి అని. చెప్పినట్టే చేశాను. కొత్తది పెట్టి ప్రొడక్ట్ తెరిస్తే మూడు పెట్టెలూ ఖాళీ. ఇంకొకటి తెరిచాను, అదీ ఖాళీయే. డిలీట్ చేసినప్పుడు ఆ ప్లగిన్ తన డేటా మొత్తాన్ని తుడిచేసేలా రాసి ఉంది. ఆ మాట సపోర్ట్ వాళ్లు ముందు చెప్పలేదు. తర్వాత అడిగితే బ్యాకప్ తీసుకోవడం మీ బాధ్యత అన్నారు, రిఫండ్ గడువు దాటిపోయింది అన్నారు. బ్యాకప్ నా బాధ్యతే, కాదనను. కానీ డిలీట్ చేయమని చెప్పింది వాళ్లే కదా, ఆ ఒక్క ముక్క చెప్పాల్సింది.

ఇక్కడ ఒక గుర్తు పట్టుకోండి. తనతోపాటు డేటాను తుడిచే ఏర్పాటు ఉన్న ప్లగిన్‌ని డిలీట్ చేయబోతే వర్డ్‌ప్రెస్ అడిగే ప్రశ్నలో 'దాని డేటాతో సహా' అనే అర్థం వచ్చే మాట అదనంగా ఉంటుంది. ఆ మాట కనిపిస్తే అక్కడే ఆగండి. నేను హడావుడిలో చదవకుండా నొక్కేశాను.

హోస్టింగ్ వాళ్ల దగ్గర తొమ్మిది రోజుల నాటి బ్యాకప్ దొరికింది కాబట్టి బతికిపోయాం. ఆ మూటల్ని విడదీయడానికి డెవలపర్ ఒక చిన్న స్క్రిప్ట్ రాశాడు, మిగిలినవి మళ్లీ టైప్ చేశాం. ఇప్పుడు కొలతలన్నీ వూకామర్స్‌లో మొదటినుంచీ ఉన్న అట్రిబ్యూట్స్‌లో, అంటే సైజు, రంగు లాంటి లక్షణాలు రాసుకునే చోట, పెట్టాం. అది ఉచితం. ఫిల్టర్ సరిగ్గా పనిచేస్తుంది, ఎక్స్‌పోర్ట్‌లోనూ వస్తాయి. అసలు మా పనికి ప్లగినే అక్కర్లేదని అప్పుడు తెలిసింది. కొనేవాళ్లు వెతుక్కునే విలువలు ఏవైనా సరే, ముందు అట్రిబ్యూట్స్‌తో పని జరుగుతుందేమో చూడండి.

కొనేవాళ్లే ఏదైనా నింపే ఫీల్డ్స్, అంటే చెక్కించాల్సిన పేరు, డెలివరీ సూచన లాంటివి కావాలంటే మాత్రం ప్లగిన్ అవసరం పడొచ్చు. అప్పుడు ఇంకో విషయం చూసుకోవాలి. 2023 అక్టోబర్‌లో వచ్చిన వూకామర్స్ 8.2 వెర్షన్ నుంచి కొత్త దుకాణాల ఆర్డర్లు పోస్ట్‌మెటాలో కాకుండా వేరే టేబుళ్లలో ఉంటున్నాయి. పాత పద్ధతిలో రాసిన ప్లగిన్ అయితే కస్టమర్ నింపింది ఆర్డర్‌లో కనపడకపోవచ్చు.

ఏది కొన్నా మొదటి రోజే ఒక పని చేయండి. అసలు సైట్‌లో కాకుండా స్టేజింగ్ సైట్‌లో (పరీక్షల కోసం పెట్టుకునే సైట్ నకలు) ఒకే ఒక్క ప్రొడక్ట్‌కి ఫీల్డ్స్ నింపి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఒక్కో ఫీల్డ్‌కి ఒక్కో కాలమ్ రావాలి. తర్వాత ప్లగిన్ డిలీట్ చేసి మళ్లీ పెట్టి, విలువలు ఉన్నాయో పోయాయో చూడండి. రిఫండ్ గడువులోపే ఇదంతా అయిపోతుంది. పావుగంట పని.

ఇప్పటికే ఇలాంటి ప్లగిన్‌లో వందల ప్రొడక్టులు నింపేసి ఉంటే కంగారు పడకండి, డిలీట్ మాత్రం నొక్కకండి. మూటగట్టి ఉన్నా విలువలు టేబుల్‌లోనే ఉంటాయి, విడదీయొచ్చు. ముందు డేటాబేస్ బ్యాకప్ తీసి, దాన్ని స్టేజింగ్‌లో పెట్టి తెరుచుకుంటోందని చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.