స్తంభాల మీద ఫైబర్: మెసెంజర్ తీగా, ఏడీఎస్ఎస్సా, ఫిగర్ ఎయిటా? ఏది మేలు?

కేబుల్ మీటరు ధర చూసి ఈ మూడింట్లో ఒకటి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. ధర తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: అదే స్తంభం మీద కరెంటు లైను ఉందా, స్తంభాల మధ్య దూరమెంత, రేపు ఇదే దారిలో ఇంకో కేబుల్ వేయాల్సి వస్తుందా.

మెసెంజర్ పద్ధతిలో ముందు ఏడు పోగుల గాల్వనైజ్డ్ స్టీలు తీగను లాగి బిగిస్తారు. తర్వాత మామూలు ఫైబర్ కేబుల్‌ను దాని కిందకు చేర్చి సన్నని స్టెయిన్‌లెస్ తీగతో చుట్టుకుంటూ పోతారు. ఆ చుట్టడమే లాషింగ్. ఏడీఎస్ఎస్ (ఆల్ డైఎలక్ట్రిక్ సెల్ఫ్ సపోర్టింగ్, అంటే తన బరువు తానే మోసేది) కేబుల్లో లోహం అసలు ఉండదు, తొడుగు లోపలి అరామిడ్ అనే బలమైన నూలే దాని బరువు మోస్తుంది. ఫిగర్ ఎయిట్‌లో స్టీలు తీగ, కేబుల్ ఒకే తొడుగులో ఉంటాయి, రెంటినీ సన్నని ప్లాస్టిక్ మెడ కలుపుతుంది.

స్తంభం మీద పడే లాగుడు

రెండు స్తంభాల మధ్య తీగ కిందకు వేలాడే లోతే సాగ్. దాని లెక్క చిన్నదే: మీటరు పొడవు తీగ బరువును స్తంభాల మధ్య దూరం వర్గంతో గుణించి, సాగ్‌కు ఎనిమిది రెట్లతో భాగిస్తే టెన్షన్, అంటే తీగలోని లాగుడు, వస్తుంది. స్తంభాల మధ్య 50 మీటర్లు, సాగ్ 50 సెంటీమీటర్లు అనుకుందాం. మీటరుకు 120 గ్రాముల ఏడీఎస్ఎస్‌కు 75 కిలోల లాగుడు సరిపోతుంది. అదే బరువున్న కేబుల్‌ను పావు అంగుళం స్ట్రాండ్‌కు (మెసెంజర్ స్టీలు తీగకు) లాష్ చేస్తే, స్ట్రాండ్ బరువు మీటరుకు 180 గ్రాములు కలిసి లాగుడు సుమారు 188 కిలోలవుతుంది. ఎక్స్‌ట్రా హై స్ట్రెంగ్త్ రకం స్ట్రాండ్ తెగడానికి సుమారు 3,000 కిలోలు కావాలి, కాబట్టి తీగకు భయం లేదు. ఇబ్బంది స్తంభానికే. లైను 60 డిగ్రీలు మళ్లే చోట స్తంభం మీద పక్కకు పడే లాగుడు పూర్తి టెన్షన్‌తో సమానం. చివరి స్తంభానికీ మలుపు స్తంభానికీ స్టే వైరు (స్తంభాన్ని నేలకు లాగి పట్టే తీగ) వేయకుండా స్ట్రాండ్ బిగిస్తే స్తంభం వాలుతుంది, వెనక ఉన్న లైనంతా వదులవుతుంది. పాతబడిన, సన్నని స్తంభాలున్న దారిలో ఈ ఒక్క కారణంతోనే ఏడీఎస్ఎస్ వైపు మొగ్గొచ్చు.

ఏ పద్ధతిలోనైనా మరచిపోకూడని కొలత ఒకటుంది. 50 మీటర్ల దూరంలో 50 సెంటీమీటర్ల సాగ్‌తో వేలాడే తీగ, తిన్నని గీత కంటే 13 మిల్లీమీటర్లే పొడవు. సాగ్ 71 సెంటీమీటర్లయితే ఆ తేడా 27 మిల్లీమీటర్లు. తీగ కొసను స్తంభానికి పట్టి ఉంచే డెడ్ ఎండ్ గ్రిప్ గోరంత జారినా కింద వెళ్లే లారీకి తీగ అందేది ఇందుకే. అలాంటప్పుడు కేబుల్ సాగిందని అనుకునే ముందు గ్రిప్ దగ్గర చూడండి.

మెసెంజర్: పని ఎక్కువ, వెసులుబాటూ ఎక్కువే

50 మీటర్లకో స్తంభంతో నేరుగా సాగే కిలోమీటరుకు 21 స్తంభాలు, మధ్య స్తంభాల మీద స్ట్రాండ్‌ను పట్టే 19 మూడు బోల్టుల సస్పెన్షన్ క్లాంపులు, రెండు డెడ్ ఎండ్‌లు, లాషింగ్ తీగ కొసలను పట్టే 40 లాషింగ్ క్లాంపులు కావాలి. సస్పెన్షన్ క్లాంపులు ముందే బిగించేయకూడదు. స్ట్రాండ్ వాటిలో జారేలా వదులుగా ఉంచి, ఒక చివర డెడ్ ఎండ్ చేసి, రెండో చివర టెన్షన్ మీటరు పెట్టి లాగి, సాగ్ కొలిచాకే బోల్టులు బిగించాలి. తర్వాత కేబుల్ బరువు పడుతుంది కనుక ఒట్టి స్ట్రాండ్‌కు సాగ్ కాస్త తక్కువే ఉంచాలి.

లాషింగ్ తీగను ప్రతి స్తంభం దగ్గరా క్లాంపులో ముగించి, అవతలి వైపు కొత్తగా మొదలుపెట్టాలి. ఇది బద్ధకించే చోటు. ముగించకుండా పోతే ఒక్కచోట తెగిన చుట్టు వరసగా ఊడుతూ పోతుంది, కేబుల్ దండలా జారుతుంది. ముగిస్తే నష్టం రెండు స్తంభాల మధ్యతో ఆగుతుంది. సముద్రపు గాలి తగిలే చోట 430 రకం స్టెయిన్‌లెస్ తుప్పు పడుతుంది, 316 వాడాలి.

స్ట్రాండ్‌ను ఎర్త్ చేయడం ఐచ్ఛికం కాదు. తెగిన కరెంటు తీగ దాని మీద పడితే ఎర్త్ లేని స్ట్రాండ్ లైను పొడవునా ప్రాణాంతకమే. పని సాగుతున్నప్పుడు కూడా ఎర్త్ కాని స్ట్రాండ్‌ను కరెంటు ఉన్నట్టే చూడాలి.

ఇంత పనికీ ప్రతిఫలం తర్వాత దక్కుతుంది. రెండో కేబుల్‌ను అదే స్ట్రాండ్ మీద చుట్టేయొచ్చు, అయితే సాగ్, స్తంభం బలం మళ్లీ లెక్క చూసుకునే. కేబుల్ తెగినా సాధారణంగా స్ట్రాండ్ నిలిచే ఉంటుంది కాబట్టి మరమ్మతు నెమ్మదిగా చేసుకోవచ్చు.

ఏడీఎస్ఎస్: వేగం ఉంది, ఫిటింగుల పట్టింపూ ఉంది

ఒకే కేబుల్, ఒకే విడత లాగుడు. లోహం లేదు కనుక ఎర్త్ బాధ లేదు. విద్యుత్ స్తంభాలకు ఇది సహజమైన ఎంపిక. నిబంధన ప్రకారం ఉంచాల్సిన దూరం మాత్రం దీనికీ ఉంటుంది.

ఫిటింగుల విషయంలో రాజీ కుదరదు. మెలికల రాడ్లతో కేబుల్‌ను చుట్టి పట్టే హెలికల్ డెడ్ ఎండ్ కేబుల్ వ్యాసానికి అతికినట్టు ఉండాలి. వదులైతే జారుతుంది, బిగుతైతే తొడుగును నలిపి ఫైబర్‌లో సిగ్నల్ నష్టం పెంచుతుంది. చాలాకాలం బిగించి ఉన్నదాన్ని విప్పి మళ్లీ వాడొద్దు. సస్పెన్షన్ క్లాంపు తయారీదారు చెప్పిన కోణం వరకే, మలుపు అంతకంటే ఎక్కువైతే రెండు డెడ్ ఎండ్‌లు వేయాలి. లాగేటప్పుడు కేబుల్ వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి 20 రెట్ల కంటే తగ్గకూడదు. చిన్న పుల్లీ పెట్టి పని కానిస్తే దెబ్బ పైకి కనిపించదు, ఓటీడీఆర్‌లో (ఫైబర్‌లోకి కాంతి పంపి లోపం ఎక్కడుందో చూపే పరికరంలో) కనిపిస్తుంది.

ఎక్కువ వోల్టేజీ లైన్ల కింద ఇంకో చిక్కుంది. దుమ్ము, ఉప్పు పట్టిన తొడుగు తడిసినప్పుడు దాని మీద లీకేజీ కరెంటు పారుతుంది. తడి ఆరే చోట పొడి పట్టీ ఏర్పడి, అక్కడ నిప్పురవ్వలు పుట్టి తొడుగు కాలుతుంది. క్లాంపు రాడ్ల కొసల దగ్గర ఇది ఎక్కువ. కేబుల్ ఉన్న చోట స్పేస్ పొటెన్షియల్ (లైన్ల వల్ల ఆ స్థానంలో ఏర్పడే వోల్టేజీ) 12 కిలోవోల్టుల లోపు ఉంటే మామూలు పాలిథిలిన్ తొడుగు చాలు, అంతకు మించితే ట్రాకింగ్‌ను, అంటే ఈ కాలుడును, తట్టుకునే తొడుగు అడగాలి. ఇది లైను వోల్టేజీ కాదని గమనించాలి, కేబుల్ వేలాడే స్థానాన్ని బట్టి లెక్కకట్టేది. బయలు ప్రాంతాల్లో దూరపు స్తంభాల మధ్య గాలి కంపనాన్ని తగ్గించడానికి కేబుల్‌కు చుట్టే స్పైరల్ డాంపర్లు కూడా కావాలి.

దీని అసలు లోటు మరమ్మతులో. తెగితే మధ్యలో అతికి వదిలేయలేం, ఎందుకంటే బరువు మోసేదీ అదే. స్తంభం దగ్గరికే జాయింటు రావాలి, దానికి చుట్టలుగా మిగులు పొడవు ముందే ఉంచి ఉండాలి.

ఫిగర్ ఎయిట్

దగ్గరదగ్గర స్తంభాలు, ఒకే కేబుల్, చివరి కొద్ది దూరం: అక్కడ దీన్ని మించింది లేదు, లాషింగ్ మెషీన్ అక్కర్లేదు. గాలికి మాత్రం రెక్కలా ఊగుతుంది. లాగేటప్పుడే సుమారు 10 మీటర్లకో మెలిక వేస్తే ఆ ఊపు తగ్గుతుంది. స్తంభం దగ్గర మెడను చీల్చేటప్పుడు కత్తి కేబుల్ వైపు వాలితే తొడుగు తెగి నీళ్లు దిగుతాయి, అందుకే చీల్చడానికి దాని పనిముట్టే వాడాలి. స్టీలు తీగకు ఎర్త్ ఇక్కడా తప్పదు.

ఇళ్లకు కనెక్షన్లు చాలా ఇవ్వాల్సిన వీధికి మెసెంజర్, విద్యుత్ స్తంభాల దారికి, దూరపు స్తంభాలకు ఏడీఎస్ఎస్ మేలు. దారి రెండు రకాలుగా ఉంటే మార్పును కేబుల్ జాయింటు ఉండే స్తంభం దగ్గరే పెట్టి, అక్కడ రెండు వైపులా డెడ్ ఎండ్ చేసి, స్ట్రాండ్ వైపు లాగుడుకు స్టే వైరు విడిగా వేయాలి. రెండు వైపుల లాగుడూ సమానం కాదు కనుక ఆ స్తంభం తనంతట తాను నిలవదు.