కోత ఒకరిది, మాసిక ఇంకొకరిది: నా ఛాతీ ఆపరేషన్

22 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఈ ఆపరేషన్‌నీ ఆ కళ్లతోనే చూశాను, ఏమనుకోకండి. అయిదుకి నాలుగు చుక్కలిస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చెబుతాను.

కుడివైపు పక్కటెముక మీద గట్టి గడ్డ. నొప్పి లేదు. మిషను మీద వంగి వంగి అలా అయిందనుకుని ఏడాది పట్టించుకోలేదు, అది నా తప్పే. సీటీ స్కాన్, సూది బయాప్సీ అయ్యాక కాండ్రోసార్కోమా అన్నారు. మృదులాస్థిలో పుట్టే క్యాన్సర్. "కీమోకీ రేడియేషన్‌కీ ఇది అంతగా లొంగదమ్మా, కోసి తీయాల్సిందే" అని సర్జన్ గారు మొదటిరోజే కుండబద్దలు కొట్టారు.

ఇంట్లోవాళ్లంతా గడ్డ మొత్తం వస్తుందా అనే అడిగారు. నేను మాత్రం ఆ కంతకి మాసిక ఎలా వేస్తారని అడిగాను. ఆయన నవ్వి, కాగితం తీసి బొమ్మ గీశారు. గడ్డ చుట్టూ 4 సెంటీమీటర్ల దాకా మంచి కండా ఎముకా కూడా కలిపి తీస్తారట, సూది గుచ్చిన మచ్చతో సహా. దాన్నే మార్జిన్ అంటారట. మా పనిలోనూ అదే మాట! కాకపోతే మార్జిన్ నేను మిగులుస్తాను, ఆయన తీసేస్తారు.

మూడు పక్కటెముకల్లో ముక్కలు పోయాయి. ముందువైపు అంత ఖాళీ అలాగే వదిలేస్తే, ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడ ఛాతీ పొంగాల్సింది పోయి లోపలికి గుంజుకుపోతుంది. వీపున రెక్క ఎముక చాటున అయితే ఇంకా పెద్ద ఖాళీ అయినా పర్లేదట, ఆ ఎముకే కాపు కాస్తుంది.

మాసిక సంగతి. రెండు పొరల పాలీప్రొపిలిన్ మెష్ (ప్లాస్టిక్ దారాల వల), మధ్యలో ఎముకల సిమెంటు. అచ్చం కాలర్ నిలబడడానికి లోపల బక్రం అనే గట్టి గుడ్డ పెట్టినట్టే! సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి, బయటే నా ఛాతీ వంపుకి మలిచి, చల్లారాక అమర్చారు. అంచుల్లో సిమెంటు లేకుండా ఉత్త మెష్ వదిలి, కుట్లు అక్కడ వేశారు. బక్రాన్ని మేమూ అంచుదాకా రానివ్వం. దానిమీద ప్లాస్టిక్ సర్జన్ మేడం నా వీపు కండని, రక్తనాళం తెగకుండా, చంక కిందుగా ముందుకు తిప్పి కప్పారు. ఆరు గంటలు పట్టింది.

నొప్పిమందు కోసం వెన్నులో పెట్టిన సన్నటి గొట్టం వల్ల నొప్పి ఓర్చుకోగలిగాను. మూడు బంతుల ఊపిరి పరికరం మాత్రం నా పొగరు అణిచింది: మొదటిరోజు ఒక్క బంతీ కదల్లేదు. తీసిన గడ్డ పరీక్ష రిపోర్టుకి 12 రోజులు. ఎముకని ఆసిడ్‌లో మెత్తబరిస్తేగానీ పలచగా కోయలేరని ముందే చెప్పారు కాబట్టి అంత కంగారు పడలేదు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

ఇక తగ్గించిన చుక్క. ఇంటికొచ్చిన వారానికి వీపు దిండులా ఉబ్బింది. రాత్రి ఫోన్ చేస్తే "రేపు ఓపీకి రండి" అని పెట్టేశారు. తెల్లవార్లూ కూర్చునే ఉన్నాను. కండ తీసిన చోట నీరు చేరడం మామూలేనట, మూడుసార్లు సిరంజితో లాగేశారు. అంత మామూలు సంగతి డిశ్చార్జి కాగితంలో ఒక్క లైను రాయడానికేం?

నాలుగు నెలలయింది. కత్తెర బాగానే ఆడుతోంది. పై అరలోంచి బట్టల తాను లాగాలన్నా, కుర్చీ మీద చేతులు ఊని లేవాలన్నా కుడిచెయ్యి ఇంకా మొరాయిస్తోంది. వీపు మీద కుట్టు తిన్నగా, దారం పెట్టి గీసినట్టుంది. ముందుదాని కింది మూల మాత్రం కొంచెం ముడతపడింది. ఆ మూల నేనైతే విప్పి మళ్లీ కుట్టేదాన్ని.