బ్లాగుకు ఆర్టికల్స్ కొంటున్నారా? కింద ‘సేకరణ’ అని ఉంటే జాగ్రత్త

గుంటూరు, విజయవాడల్లో చిన్న వ్యాపారం చేసుకుంటూ వెబ్‌సైట్‌కి ఆర్టికల్స్ రాయించుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది గుంటూరు బ్రాడీపేట. కారం, పచ్చళ్లు పట్టి కొరియర్‌లో పంపుతుంటాం. సైట్‌లో ధరలు తప్ప చదవడానికి ఏమీ లేదని, విజయవాడలో కంటెంట్ రాసిచ్చే ఒక ఆఫీసుకు పని అప్పజెప్పాం. ఫొటోలతో సహా పదిహేను ఆర్టికల్స్, 12,000 రూపాయలు. సగం ముందే కట్టాం. “అంతా ఒరిజినలే మేడం, గ్యారంటీ” అన్నారు.

వచ్చిన వాటిలో ఎండుమిర్చి మీద రాసింది నాకు బాగా నచ్చింది. అందులో ఒక నాయనమ్మ ఉంది. కల్లంలో ఆరబోసిన కాయల్లో కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని తాలు కాయలు ఏరుతుంటుంది. మనవరాలు పరుగెత్తుకొస్తే, కారం చేతులు తగలకుండా రెండు మోచేతులతో దగ్గరికి తీసుకుంటుంది. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మా పేరుతోనే సైట్‌లో పెట్టేశాం.

వారం తిరక్కుండా ఒకావిడ మెసేజ్ పెట్టారు. “అమ్మా, ఆవిడ మా నాయనమ్మ. పోయి ఆరేళ్లయింది. నేను రాసుకున్నది మీ పేరుతో ఎలా వచ్చింది?” లింకు కూడా పంపారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. వాళ్ల ఊరి పేరు ఒక్కటి తీసేసి, మిగతాదంతా పొల్లు పోకుండా దించేశారు. ఆ రాత్రే ఆ పేజీ తీసేసి ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ నిద్ర పట్టలేదు. పోయిన మనిషి జ్ఞాపకాన్ని నా కారం ప్యాకెట్లు అమ్ముకోవడానికి వాడుకున్నట్టయింది కదా!

పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేస్తే, “దానికంత టెన్షన్ ఎందుకు మేడం, కింద ‘సేకరణ’ అని వేసేయండి, సరిపోతుంది” అన్నారు.

సరిపోదు. ఈ మాట మన వాట్సాప్ గ్రూపుల్లో పాతుకుపోయింది. ఎవరో కష్టపడి రాసింది తీసుకుని, పేరు కోసేసి, కింద ‘సేకరణ’ అంటాం. ఎవరి దగ్గర సేకరించామో చెప్పం. ‘ఫొటో: గూగుల్ సౌజన్యంతో’ అనేదీ అంతే. గూగుల్ వెతికిపెడుతుంది, ఫొటో తీసింది ఎవరో మనిషి. రాసినవాళ్ల పేరు, ఆ రచన పేరు, అది ఉన్న చోటికి లింకు ఇస్తేనే అది క్రెడిట్. ఇంకో సంగతి, పేరు వేసినంత మాత్రాన మొత్తం వ్యాసం ఎత్తి పెట్టుకునే హక్కు రాదు. దానికి అనుమతి అడగాల్సిందే. సమీక్షకో విమర్శకో నాలుగు వాక్యాలు పేరు చెప్పి ఉటంకించడం వేరు.

అనుమానం వచ్చి మిగతా పద్నాలుగూ కూర్చుని చూశాను. ఒక్కో దాంట్లోంచి ఒక పొడుగాటి వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే చాలు. ఐదు దొరికిపోయాయి. రెండు వికీపీడియావి. అక్కడి రాత ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా, కానీ ఊరికే కాదు. అది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది. ఎక్కడి నుంచి తీసుకున్నామో లింకు ఇవ్వాలి, ఏం మార్చామో చెప్పాలి, మార్చినదాన్ని మళ్లీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. వికీపీడియా ఫొటోలు ఉండే వికీమీడియా కామన్స్ సైట్‌లోని ఫొటోలకైతే ఒక్కోదానికి ఒక్కో షరతు, ఫొటో కిందే రాసి ఉంటుంది. మాకిచ్చిన మిరప కల్లం ఫొటోలో తీసినవారి పేరున్న మూల కత్తిరించేశారు.

ఇంగ్లీషులోంచి అనువాదం చేసి దించితే ఈ వెతుకులాటకు దొరకదు. కానీ భాషే పట్టిస్తుంది. ఒకదాంట్లో “మిరపకాయల కాండాలను తొలగించి” అని ఉంది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో తొడిమను కాండం అనేవాళ్లెవరు?

వంటల మీద రాయించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఆవకాయకు ఎంత ఆవపిండి, ఎంత కారం అనే కొలత ఎవరి సొత్తూ కాదు. ఆ కొలతను చెబుతూ రాసిన మాటలు, తీసిన ఫొటో మాత్రం వాళ్లవే.

ఇదేదో మర్యాదకు సంబంధించిన విషయం అనుకోకండి. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. సైట్ మీద ఉన్నది మన పేరే కాబట్టి అడిగేవాళ్లు ముందు మననే అడుగుతారు.

ఇంకొకటి నాకు అప్పటిదాకా అసలు తెలియదు. బయటివాళ్లతో రాయించుకున్న ఆర్టికల్‌కి డబ్బు కట్టేస్తే అది మనదైపోతుందనుకుంటాం. కాదు. హక్కులు మనకు బదిలీ అయినట్టు సంతకంతో కాగితం ఉండాలి. అందులో ఎంత కాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కేస్తుంది. మా దగ్గర అసలు కాగితమే లేదు, ఉన్నవి వాట్సాప్ మెసేజ్‌లే.

అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందే అడగండి. ప్రతి ఆర్టికల్‌తో పాటు ఏమేం చూసి రాశారో లింకులు ఇవ్వాలి, ప్రతి ఫొటోకి తీసినవారి పేరు, లైసెన్సు ఇవ్వాలి. ఈ మాట అడగగానే నసిగితే అక్కడితో వదిలేయండి. మొత్తం చూసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి. మేం కట్టిన 6,000 ఇంకా తిరిగి రాలేదు, మిగతా సగం కట్టమని వాళ్లే ఫోన్లు చేస్తున్నారు.

మెసేజ్ పెట్టిన ఆవిడతో తర్వాత రెండుసార్లు మాట్లాడాను. ఆ నాయనమ్మ గురించి రాసింది మా సైట్‌లో మళ్లీ పెట్టుకోమని ఆవిడే అన్నారు. పైన ఆవిడ పేరు, కింద అసలు పేజీకి లింకు పెట్టాను. ఆవిడ అడిగింది ఒక్కటే, “మా ఊరి పేరు మాత్రం తీసేయకమ్మా” అని.