నాలుగేళ్ళు డ్రై నీడ్లింగ్ చేయించుకున్నాక నా అనుభవం

మెడ నుంచి కుడి భుజం దాకా పట్టేసి తల తిప్పలేని స్థితిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక ఫిజియో దగ్గరికి వెళ్ళాను. ఆవిడ డ్రై నీడ్లింగ్ చేద్దామన్నారు. సూదిలో మందేమీ ఉండదు, కండ ముడి కట్టిన చోట సన్నటి సూది గుచ్చుతారు, సరిగ్గా తగిలితే కండ టక్కున ఎగిరిపడుతుంది. ఆ రోజంతా సలుపు, మర్నాటికి మెడ తేలిక. ముప్పై సార్లకు పైనే చేయించుకున్నాను, నా వరకు పనిచేసింది. కాకపోతే వ్యాయామాలు మానేసిన నెలల్లో నొప్పి మళ్ళీ వచ్చేది.

నాకు బాగా నచ్చింది ఆవిడ జాగ్రత్త. ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉందని మొదటిరోజే చెప్పి సంతకం తీసుకున్నారు, భుజం మీద గుచ్చేటప్పుడు ప్రతిసారీ కండను వేళ్ళతో పట్టి పైకెత్తేవారు. ఇది ఉత్తి భయం కాదు, 2013లో అమెరికన్ స్కీయర్ టోరిన్ యేటర్-వాలెస్‌కి ఇలాంటి సూది వల్లే ఊపిరితిత్తి కుంచించుకుపోయింది.

సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు నొప్పి లేస్తే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడి అబ్బాయి ఏమీ అడక్కుండా బోర్లా పడుకోబెట్టి భుజంలోకి నిటారుగా దించబోయాడు. ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అంటే రెండు రోజుల వర్క్‌షాప్ అన్నాడు. చొక్కా వేసుకుని బయటికొచ్చేశాను, ఇంటికెళ్ళాక కూడా టెన్షన్ తగ్గలేదు.

తర్వాత కాలిఫోర్నియాకి మారాను. ఇక్కడ ఫిజియోలు సూది గుచ్చకూడదు, ఆక్యుపంక్చర్ (చైనా సంప్రదాయ సూది వైద్యం) లైసెన్స్ ఉన్నవాళ్ళో డాక్టర్లో చెయ్యాలి, ఆక్యుపంక్చర్ లైసెన్స్‌కి కనీసం 3,000 గంటల శిక్షణ కావాలి. మేరీల్యాండ్‌లో ఫిజియోకి డ్రై నీడ్లింగ్ శిక్షణ 80 గంటలు. నిజమే, ఫిజియోలు డిగ్రీలోనే కండలూ నరాలూ ఎముకలూ క్షుణ్ణంగా చదువుతారు, ఈ 80 దాని మీద అదనం. అయినా ఇంత తక్కువ శిక్షణతో ఫిజియోలు సూదులు గుచ్చుతున్నారన్న ఆక్యుపంక్చర్ వాళ్ళ కోపంలో న్యాయముందని నాకనిపిస్తుంది. డ్రై నీడ్లింగ్ చేసే ఫిజియోలకి ఆక్యుపంక్చర్‌తో సమానమైన శిక్షణ ప్రమాణాలుండాలని 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా అంది. ఎవరు గుచ్చాలన్న గొడవ నాకు పట్టదు, ఎన్ని గంటలు నేర్చుకున్నారో, అందులో ఎంతసేపు మనిషి ఒంటి మీద చేశారో రోగికి ముందే చెప్పాలి.

ఫలితం మాటకొస్తే, నా భుజం ముడికి ఫిజియో సూదే బాగా పనిచేసింది. ఇక్కడ చేయించుకుంటున్న ఆక్యుపంక్చర్‌లో సూదులు కాసేపు అలాగే ఉంచేస్తారు, నిద్ర బాగా పడుతోంది గానీ ముడి మెల్లగా వదులుతోంది. ఈ ఆక్యుపంక్చర్ ఆవిడని మొదటిరోజే భుజం మీద ఎలా గుచ్చుతారని అడిగాను. విసుక్కోకుండా నా భుజం కండ పట్టి పైకెత్తి చూపించారు, అప్పుడు పడుకున్నాను.